వదిలిన మందును వెనక్కి రప్పించగలమా?

వెండి పూసిన అయస్కాంత రేణువులు సూక్ష్మజీవులను చంపుతాయి. పని అయ్యాక నీటిలోంచి బయటికీ వస్తాయి. పటాన్‌చెరు వాగులు చూసినవారికి ఈ రెండో గుణం విలువ తెలుస్తుంది.

ఏటి ఇసుకలో అయస్కాంతం తిప్పితే దానికి మీసాల్లా నల్లటి రజను అంటుకునేది. చిన్నప్పుడు దాన్ని కాగితంలో పొట్లం కట్టి దాచుకునేవాళ్లం. ఆ నలుపులో ఎక్కువ భాగం మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. ఇంట్లో పసిబిడ్డకు ఉగ్గు పెట్టడానికి వెండి గిన్నె ఉండేది. ఆ ఖనిజాన్నీ ఆ వెండినీ ఒకే రేణువులో కలిపి సూక్ష్మజీవుల మీదికి పంపే పరిశోధన ఇప్పుడు ఎన్నో దేశాల్లో సాగుతోంది.

ఇసకవాగు లెక్క

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి. హైదరాబాద్ శివారులో ఈ పేర్లున్న పారిశ్రామికవాడల్లో తయారైన మందులు ఎన్నో దేశాల రోగులకు చేరాయి. మందులతో పాటు వ్యర్థజలమూ పుట్టింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల నుంచి ట్యాంకర్లలో వచ్చే నీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉంది. అక్కడ శుద్ధి అయ్యాక బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. రోజుకు సుమారు 45 కిలోలు పోతోందని వారి అంచనా. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అది.

ఆ నీరు ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరేది. 2009లో చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో మందు ఆనవాళ్లు దొరికాయి. 2011లో వాగు అడుగు మట్టిలో మందులకు లొంగని జన్యువులు బయటపడ్డాయి. మందులో మునిగిన బాక్టీరియాలో బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగులుతాయి. మిగిలినవి ఆ మొండితనాన్ని జన్యువుల రూపంలో పక్క జాతులకూ పంచుతాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే డాక్టర్ కిషన్‌రావు ఈ కాలుష్యం మీద దశాబ్దాల పాటు పోరాడారు. కేసు 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. తర్వాత శుద్ధి కేంద్రం నీటిని పైప్‌లైన్‌తో అంబర్‌పేట వైపు మళ్లించారు. మంజీర బరువు మూసీకి మారింది. వాగులో కలిసిపోయిన మందును మాత్రం ఎవరూ ఏరి తేలేకపోయారు.

లోపల ఇనుము, పైన వెండి

వెండి పూసిన అయస్కాంత రేణువు నడుమ పది, ఇరవై నానోమీటర్ల మాగ్నటైట్ గింజ ఉంటుంది. తల వెంట్రుక మందంలో ఇలాంటివి వేలకొద్దీ వరుసగా పడతాయి. గింజ తుప్పు పట్టకుండా, పైపూత గట్టిగా నిలిచేలా తరచూ సిలికా పొర వేస్తారు. ఆపైన వెండి. ఇంత చిన్న గింజకు అయస్కాంతం దగ్గర ఉన్నంతసేపే ఆకర్షణ ఉంటుంది, తీసేస్తే పోతుంది. అందుకే రేణువులు ముద్దకట్టవు, నీటిలో మళ్లీ విడివిడిగా తిరుగుతాయి.

సిప్రోఫ్లాక్సాసిన్ బాక్టీరియా డీఎన్‌ఏను నడిపే ఒకటి రెండు ఎంజైములనే పట్టుకుంటుంది. వెండి అయాన్లు కణం పొరను చీలుస్తాయి, ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకుంటాయి, శ్వాసక్రియను ఆపుతాయి. అన్ని వైపుల నుంచి దాడి జరిగితే తప్పించుకోవడం కష్టం. పని ముగిశాక పాత్ర పక్కన అయస్కాంతం పెడితే రేణువులు గోడకు చేరతాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం బృందం 12 నానోమీటర్ల మాగ్నటైట్ గింజలతో నీటిలోని ఆర్సెనిక్‌ను పట్టి, మామూలు అయస్కాంతంతోనే బయటికి లాగవచ్చని 2006లో చూపింది.

వెండికీ హద్దులున్నాయి

రేణువు వెనక్కి వచ్చినా, దాని నుంచి కరిగిన వెండి అయాన్లు నీటిలోనే ఉంటాయి. తాగునీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించి వెండి ఉండకూడదని మన దేశ ప్రమాణం. ఫ్యాక్టరీ నీటిలోని ఉప్పు, సల్ఫైడు, సేంద్రియ మలినాలు వెండిని బంధించి దాని శక్తిని తగ్గిస్తాయి. వెండికీ మొండికేసే బాక్టీరియా ఉన్నాయి. 1975లో అమెరికాలోని ఒక ఆసుపత్రి కాలిన గాయాల వార్డులోనే అలాంటి సాల్మొనెల్లా కనిపించింది. అందుకే ఈ రేణువులను వాగుల్లో చల్లడానికి నేను ఒప్పుకోను. మూసిన ట్యాంకులో, కొలతతో, చివర అయస్కాంతం కాపలా ఉన్నచోటే వాటి పని.

కంపెనీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్ ఎంత ఉండవచ్చో హద్దులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే విషయంపై మార్గదర్శకాలు ఇచ్చింది. ముసాయిదాలోని హద్దులు చట్టంలోకి రావాలి. సంగారెడ్డికి దగ్గర్లోని కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, కొద్ది దూరంలోనే ఫ్యాక్టరీలున్నాయి. ఏ కొత్త రేణువునైనా ముందు ఇక్కడి అసలు వ్యర్థజలంలోనే పరీక్షించాలి. ఎంత సూక్ష్మజీవిని చంపిందో రాసే కాగితంలోనే, ఎంత వెండి వెనక్కి వచ్చిందో కూడా రాయాలి. ఆ రెండో లెక్క అడిగే హక్కు నక్కవాగు ఒడ్డు రైతుకు అందరికంటే ఎక్కువ ఉంది.