కరువులో తవ్విన పడవల దారి

కంబదూరులో వాన పడితేనే చెరువుకు నీళ్లు. శెనక్కాయ పంట కూడా వాన మీదే. అక్కడ తెరచాప పడవ కనపడదు. అయినా సీమ ప్రజలు ఎరిగిన ఒక కరువుకూ, పడవలు నడిచిన ఒక కాలువకూ సంబంధం ఉంది.

దాని పేరు బకింగ్‌హాం కాలువ. ఒంగోలు, చీరాల మధ్య ఉన్న పెదగంజాం దగ్గర మొదలై, చెన్నై మీదుగా తమిళనాడులోని మరక్కాణం దాకా పోతుంది. పొడవు సుమారు 420 కిలోమీటర్లు. పక్కనే సముద్రం. సముద్రంలో తుఫాను భయం. కాలువలో ఆ భయం తక్కువ. అందుకే బియ్యం, ఉప్పు, కట్టెలు ఈ దారిన మద్రాసు చేరేవి.

గాలి వాటం చూసి సరంగు తెరచాప ఎత్తేవాడు. గాలి లేకపోతే కూలోళ్లు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లు. రాత్రి పడవను గట్టుకు కట్టేవాళ్లు. పులికాట్ సరస్సులో గట్టు దూరం. అలాంటి చోట పడవ ఆగాలంటే లంగరు వేయాలి.

లంగరు ఎలా ఉంటుంది? బావిలో పడిన బిందెను తీసే పాతాళగరిగె లాగా దానికి కొక్కేలుంటాయి. అవి అడుగున బురదలో దిగబడి పడవను పట్టుకుంటాయి. తాడు మాత్రం లోతుకు కొన్ని రెట్లు వదలాలి. తాడు పొట్టిదైతే పడవ ఊగినప్పుడు లంగరు పైకి లేస్తుంది. పడవ కొట్టుకుపోతుంది.

ఈ కాలువ పని 1806లో మద్రాసు దగ్గర మొదలైంది. తర్వాత కొంచెం కొంచెంగా పెరిగింది. 1876లో ధాత కరువు వచ్చింది. లక్షల మంది చనిపోయారు. 1877-78లో మద్రాసు ఊరి లోపల సుమారు 8 కిలోమీటర్ల కాలువను కరువు పని కింద తవ్వించారు. 1877 మొదట్లో కరువు పనుల్లో మగమనిషి కూలి రోజుకు అర కిలో కూడా లేని గింజలు, కొద్దిపాటి డబ్బు. కాలువకు పేరు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువుది!

తర్వాత రైళ్లు, లారీలు వచ్చాయి. 1965, 1966 తుఫాన్లు కాలువను దెబ్బతీశాయి. చాలా చోట్ల పూడిపోయింది. చెన్నైలో మురుగు చేరింది. 2008లో దీన్ని జాతీయ జలమార్గంలో చేర్చారు. అయినా పాత పడవల రోజులు తిరిగి రాలేదు.

తవ్వడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. కంబదూరు చెరువుకైనా, కుంటకైనా అంతే. పూడిక తీయకపోతే, తవ్వినోళ్ల చెమట మట్టిలో కలిసిపోతుంది.