ఎడమవైపు నొప్పా? గ్యాస్ అనుకోవద్దు!

పొత్తికడుపులో ఎడమవైపు నొప్పి. కాస్త జ్వరం. రెండు రోజులుగా విరేచనం సాఫీగా లేదు. 'గ్యాస్ పట్టేసినట్టుంది డాక్టర్ గారూ' అంటూ ఓపీకి వచ్చే పెద్దవయసువారిలో చాలామంది అప్పటికే మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకునే వస్తారు. నాకు ఆ నొప్పి కన్నా ఆ మాత్రలంటేనే ఎక్కువ భయం.

పెద్దపేగు గోడలో కండరాల పొర ఉంటుంది. రక్తనాళాలు ఆ పొరలోంచి దూరి వెళ్లే చోట్లు కాస్త బలహీనం. పేగులో ఒత్తిడి పెరిగితే లోపలి పొర అక్కడి నుంచి బయటికి ఉబుకుతుంది. సైకిల్ టైరు అరిగినచోట ట్యూబు బుడిపెలా పొడుచుకొస్తుంది చూడండి, అలాగన్నమాట. ఈ తిత్తులే డైవర్టిక్యులా. వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతాయి. చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టవు. వేరే కారణంతో తీసిన స్కాన్ రిపోర్టులో ఈ మాట కనిపిస్తే కంగారుపడకండి. తిత్తి వాస్తేనే జబ్బు. అదే డైవర్టిక్యులైటిస్.

పీచు తక్కువ తిండి, వేటమాంసం ఎక్కువ తినటం, ఊబకాయం, పొగ, ఒళ్లు కదల్చకపోవటం... ఇవన్నీ దీనికి దారితీసేవే. వంశపారంపర్యం పాత్రా కొంత ఉంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు తిత్తికి చిల్లు పడే ముప్పునూ పెంచుతాయి. పైగా స్టెరాయిడ్లు వాడేవారిలో నొప్పి, జ్వరం అంతగా బయటపడకపోవచ్చు.

గింజలు తిత్తుల్లో ఇరుక్కుంటాయని వెనుకట పల్లీలు, జామకాయలు మాన్పించేవారు. అమెరికాలో 47 వేల మంది మగవారిని 18 ఏళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో గింజపప్పులు, పాప్‌కార్న్ తిన్నవారికి ముప్పేమీ పెరగలేదు. కాబట్టి నిశ్చింతగా తినండి.

ఆసియా దేశాల్లో ఈ తిత్తులు కుడివైపునా ఎక్కువే. అక్కడ వాస్తే అచ్చం 24 గంటల నొప్పిలాగే ఉంటుంది. సీటీ స్కాన్‌తో తేడా తెలుస్తుంది. వాపు కొద్దిగానే ఉంటే కొన్నాళ్లు ద్రవాహారం, విశ్రాంతితో తగ్గుతుంది. యాంటీబయాటిక్స్ అందరికీ అక్కర్లేదు. చీముగడ్డ పెద్దదైతే గొట్టం వేసి తీయాలి. పేగుకు చిల్లు పడితే ఆపరేషనే.

నొప్పి ఉండగా కొలనోస్కోపీ చెయ్యం. తగ్గిన 6-8 వారాలకు రమ్మంటాం. పెద్దపేగు క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది మరి! నొప్పి పోయింది కదా అని ఆ పరీక్షకు రానివారే ఎక్కువ.

కడుపు చెక్కలా బిగిసినా, చలిజ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఆముదం తాగించొద్దు, ఎనిమా ఇవ్వొద్దు. వేసుకున్న మాత్రల అట్ట మాత్రం వెంట తీసుకెళ్లండి.