మంచినీటి చేపకు ఉప్పెందుకు?

మీ ఇల్లు వేలూరులోనో గుడియాత్తంలోనో ఉందనుకోండి. గాజుతొట్టెలో గోల్డ్‌ఫిష్ నీరసపడితే పెద్దవాళ్లు కాస్త రాళ్లుప్పు వేస్తారు. అది సముద్రపు చేప కాదుగా, మరి ఉప్పెందుకు?

రాత్రి నానేసిన ఎండుద్రాక్ష పొద్దున్నకల్లా ఉబ్బుతుంది, చూశారా? లోపల తీపి చిక్కగా ఉంటుంది కాబట్టి బయటి నీరు తొక్కలోంచి లోపలికి దూరుతుంది. చేపదీ అదే కథ. దాని రక్తంలో లీటరుకు దాదాపు 9 గ్రాముల లవణాలుంటాయి. తొట్టె నీళ్లలో చాలా తక్కువ. అందుకే మొప్పల గుండా నీరు లోపలికి చేరుతూనే ఉంటుంది. చేప ఆ నీటిని మూత్రంగా పోసేస్తూ, జారిపోయే ఉప్పును మొప్పలతో మళ్లీ లాక్కుంటుంది. జబ్బు చేస్తే ఈ చాకిరీ బరువవుతుంది.

లీటరుకు 1 నుంచి 3 గ్రాముల ఉప్పు కలిపితే లోపలికీ బయటికీ తేడా తగ్గి, చేపకు శ్రమ తగ్గుతుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే నైట్రైట్ అనే విషం మొప్పల్లోకి దూరకుండా కూడా ఉప్పు అడ్డుపడుతుంది.

పాలారు నది పక్కన కొన్ని బోర్ల నీళ్లు ముందే ఉప్పగా ఉంటాయి. అక్కడ ఇంకా తక్కువ చాలు. మొక్కలున్న తొట్టెలో వద్దు. ఉప్పును మగ్గులో కరిగించి, కొద్దికొద్దిగా పోయాలి. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలే ఉంటుంది, కాబట్టి తగ్గినంత మేర మామూలు నీళ్లే పోయండి.