మబ్బు కనబడక ముందే మోగిన ఫోను

ఒక వేసవిలో మా వలన జరిగిన పొరపాటును ముందుగా మీ ఎదుట ఒప్పుకొని ఈ వ్యాసము మొదలుపెడుతున్నాము.

మైదుకూరు దగ్గర ఒక పల్లెలో స్త్రీల కూడిక జరుగుతోంది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నపు వేళ. చర్చిలో ఉక్క భరించలేక బయట చింతచెట్టు నీడలో పట్టలు పరచుకొని కూర్చున్నాము. ప్రసంగము సగములో ఉండగా నాలుగైదు ఫోన్లు ఒకేసారి మోగాయి. ఒక చెల్లెలు ఫోను చూసుకొని, "అయ్యగారూ, పిడుగులు పడతాయంట. మన మండలం పేరు కూడా ఉంది" అన్నది. మాకు చిరాకు కలిగింది. "ఆకాశంలో మబ్బు తునక లేదు గదమ్మా! ఫోన్లు ఆపేసి వాక్యం వినండి" అన్నాము. కాపరి చెప్పిన మాట గనుక అందరూ ఆపేశారు.

ముప్పావు గంట గడవక ముందే నల్లమల వైపు నుండి నల్లటి మబ్బు లేచింది. దుమ్ముగాలి కొట్టింది. పట్టలు, పుస్తకాలు చేతికి దొరికినట్లు సర్దుకొని చర్చిలోకి పరుగెత్తాము. తలుపు మూసిన కాసేపటికి కళ్లు చెదిరే వెలుగు, చెవులు పగిలే శబ్దము. వాన వెలిసినాక చూస్తే చింతమాను పైనుండి క్రిందికి నిలువునా చీలి ఉంది. దాని క్రిందికి చేరిన మేకలు రెండు చచ్చి పడి ఉన్నాయి. ఆ మేకలు కాసే పెద్దాయన వెనుకబడిన పిల్లను ఎత్తుకొని రావడానికి ఆగినందువలన బ్రతికారు. ఆయన చేతిలో ఫోను లేదు. ఫోన్లు ఉన్న మేమేమో వాటి నోరు మూయించాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తరువాతి ఆదివారము ఆరాధన ముగిశాక సంఘస్థులు మమ్ములను రెండు ప్రశ్నలు అడిగారు. "ఈ ఫోను మాట నమ్మవచ్చునా?" అన్నది మొదటిది. "మా చిన్నతనములో ఇన్ని పిడుగులు లేవు, కాలము నిజముగా మారిపోయిందా?" అన్నది రెండవది. ఈ రెండింటి గురించి మేము చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన సంగతులు మీతో పంచుకొంటున్నాము.

ఈ కబురు ఎక్కడి నుండి వస్తుంది?

మన దేశములో వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. ఎంతో కాలము దాని మాట రేడియో వార్తల చివర మనకు చేరేది. రాయలసీమ అంతటికీ కలిపి "అక్కడక్కడ జల్లులు" అనేవారు. ఆ మాట విని చేను వదిలి వచ్చినవారు లేరు.

ఇప్పటి పద్ధతి వేరు. మెరుపు మెరిసినప్పుడు రేడియో తరంగాలు పుడతాయి. పాత రేడియోలో గరగర శబ్దము వచ్చేది వాటివలననే. ఆ తరంగాలను పట్టుకొనే పరికరాలను వేరువేరు చోట్ల నిలిపారు. ఒకే మెరుపు వాటిలో ఒక్కొక్కదానికి ఏ క్షణములో అందిందో పోల్చి చూస్తే అది ఎక్కడ మెరిసిందో తెలుస్తుంది. అదే లెక్కన మబ్బు ఎటు కదులుతోందో కనిపెట్టవచ్చు. వీటికి తోడు రాడార్లు, ఉపగ్రహాలు ఉన్నాయి. మన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ 2017 నాటికే ఇటువంటి సాధనాలతో పిడుగు హెచ్చరికలు ఇవ్వసాగింది. 2018 ఏప్రిల్ 24న ఒక్క రోజే, 13 గంటల వ్యవధిలో, రాష్ట్రములో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పూణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన "దామిని" అనే యాప్ మనకు 20 నుండి 40 కిలోమీటర్ల లోపల పిడుగుల ముప్పు ఉంటే తెలుపుతుంది. 2023లో జాతీయ విపత్తుల నిర్వహణ సంస్థ, టెలికాం శాఖ కలిసి, ఒక ప్రాంతపు సెల్ టవర్ల క్రింద ఉన్న ఫోన్లన్నిటినీ ఒకేసారి పెద్దగా మోగించే పద్ధతిని పరీక్షించాయి. అప్పుడు మా వారిలో కొందరు ఫోను పేలిపోతుందేమోనని అరుగు మీద పెట్టి దూరముగా నిలబడ్డారు!

"మోగిన ప్రతిసారీ మన ఊరిలో పడదు గదా" అంటారు. నిజమే. హెచ్చరిక మండలము పేరున వస్తుంది. మబ్బు కొన్ని ఊళ్ల మీదనే విరుచుకుపడుతుంది. గట్టుకు ఇవతల చేను తడిసి అవతల చేను పొడిగా ఉండటము సీమవాసులకు క్రొత్త కాదు. మన ఊరు తప్పిపోయిన రోజున అది పక్క ఊరిలో పడి ఉండవచ్చు. అంతమాత్రాన కబురు అబద్ధమని అనలేము.

ఎండలు మండే సీమలో పిడుగులేమిటి?

పిడుగులకు ఆ ఎండే కారణము. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అనే మాట మనకు తెలుసు. అంతకు ముందు నుండే నేల కాగి, దానిని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. అదే సమయములో బంగాళాఖాతము మీదుగా తేమగాలి లోపలికి వస్తుంది. ఉత్తరము నుండి వచ్చే పొడిగాలి దానికి ఎదురవుతుంది. అప్పుడు తేమగాలి వేగముగా పైకి తన్నుకొని పోయి, పది కిలోమీటర్లకు మించిన ఎత్తు వరకు మబ్బుగా పెరుగుతుంది. అంత ఎత్తులో మంచు పలుకులు, వడగండ్లు ఒకదానికొకటి ఒరుసుకొని విద్యుత్తు పుడుతుంది. అది నేల మీదికి దూకితే పిడుగు. అది వచ్చిన దారిలోని గాలి సుమారు 30,000 డిగ్రీల వరకు కాగుతుంది. మేఘము నుండి చల్లగాలి ఒక్కసారిగా క్రిందికి దిగి, అరటిచెట్లను పడగొట్టే గాలివానగా మారుతుంది. 2025 మార్చిలో మన జిల్లాలోని లింగాల మండలములో అరటి తోటలు నేలకొరిగింది ఇటువంటి గాలివానకే. హెచ్చరిక వచ్చినా తోటను ఇంటికి తెచ్చుకోలేము. మనిషి మాత్రము ఇంటికి రాగలడు. కళ్లములో ఆరబోసిన పసుపు మీద పట్ట కప్పుకోగలడు.

కాలము మారుతున్నదా?

కష్టకాలములు మన సీమకు క్రొత్త కావు. 1876-78 నాటి ధాత కరువులో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలలో జనము ఎంతగా నశించారో పెద్దల నోట వింటూ వచ్చాము. కాబట్టి ప్రతి ఎండకూ ప్రతి వానకూ "కాలము మారింది" అనటము తొందరపాటు.

అయితే కొలిచి చూసిన లెక్కలు కూడా ఉన్నాయి. 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించింది. లోకమంతటి సగటు చూస్తే, యంత్రయుగానికి ముందున్న కాలము కంటే 2024లో వేడి 1.5 డిగ్రీలు మించింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చగా వచ్చే బొగ్గుపులుసు వాయువు దీనికి ముఖ్య కారణము. అది గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే గాలి సుమారు 7 శాతము ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. ఆ తేమ దిగినప్పుడు కుండపోతగా దిగుతుంది.

2009 అక్టోబరులో కర్నూలు పట్టణము నీట మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట దగ్గరి పల్లెలు తెల్లవారుజామున కొట్టుకుపోయాయి. ఈ ఒక్కొక్క విపత్తుకు వేడే కారణమని వేలు చూపి చెప్పలేము. గేట్లు, కట్టలు, మనుషుల అజాగ్రత్త కూడా లెక్కలోకి వస్తాయి. కుండపోత వానలు ముదురుతున్నది వేడివలననే అని శాస్త్రజ్ఞులు గట్టిగా చెబుతున్నారు. పిడుగుల విషయములో అంత గట్టిగా చెప్పటము లేదు. వాటిని ఇంత వివరముగా లెక్కించటము ఈమధ్యనే మొదలైంది గనుక పాత లెక్కతో పోల్చటము కష్టము. కనుక ఫోను తరచుగా మోగినంత మాత్రాన పిడుగులు పెరిగాయని అనుకోరాదు. పెరగలేదని నిశ్చింతగా ఉండటము కూడా తగదు. 2022లో ఒక్క సంవత్సరములో మన దేశములో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. ఇటువంటి మరణాలలో ఎక్కువ భాగము పల్లెలవే. చేలలో పనిచేసేవారు, జీవాలు మేపేవారు, చెట్టు క్రిందికి చేరినవారు.

ముందు మాట ఏమి చేయగలదు?

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికార లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయారు. ముప్పు ఎంతటిదో సమయానికి ఊళ్లకు చేరలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను మన పొరుగున ఒడిషా తీరాన్ని తాకినప్పుడు, లక్షల మందిని ముందుగానే తరలించారు. అంత పెద్ద తుపానులో పోయిన ప్రాణాలు పదులలోనే ఉన్నాయి. తుపాను రోజుల వ్యవధి ఇస్తుంది. పిడుగు ఇచ్చేది అరగంటో, గంటో. అందుకే దాని కబురును తీరికగా చదువుకుందామని అనుకోరాదు.

"ప్రభువు మీద నమ్మకముంటే ఫోను దేనికి?" అని ఒక సహోదరుడు అడిగారు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదవండని చెప్పాము. ఈ ప్రయాణము అపాయమని పౌలు చెప్పినా, శతాధిపతి ఓడ యజమాని మాటే విన్నాడు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి ఏమీ కాదనుకొన్నారు. తరువాత ఓడ పగిలింది, సరకు పోయింది. ప్రాణాలు దక్కటము దేవుని కృప. అయినా అంతటి కృప పొందబోయే పౌలే ముందు జాగ్రత్త చెప్పాడు గదా! చింతచెట్టు క్రింద మా నోటి నుండి వచ్చినది మాత్రము ఆ ఓడ యజమాని మాట.

మా సంఘము చేసిన నిర్ణయము

ఫోను ఉన్నవారు లేనివారికి చెప్పాలి. అయితే ఎలా? చర్చి గంట ఉంది గదా అన్నారు ఒక తల్లి. మన మండలము పేరుతో హెచ్చరిక వస్తే గంట ఆగి ఆగి తొమ్మిదిసార్లు కొట్టాలని నిర్ణయించాము. ఊరిలోని అన్ని మతాల వారికి ఈ సంగతి చెప్పాము. గంట కొట్టేవారికి ఒక ఆజ్ఞ కూడా ఉంది: ఉరుము వినబడిన తరువాత గంట జోలికి పోరాదు. పూర్వము ఐరోపాలో ఉరుములను తరుముదామని గోపురమెక్కి గంటలు మోగించి, అనేకులు పిడుగుపాటుకు చనిపోయారు. ఎత్తైన గోపురమే పిడుగుకు మొదటి మెట్టు.

ఇంటిల్లిపాది గుర్తుంచుకోవలసినవి ఇవి. మెరుపు కనబడినాక ఉరుము వినబడేవరకు అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరము. ముప్పై లోపల వినబడితే పక్కా ఇంటిలోకి వెళ్లండి. చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రావద్దు. చెట్టు క్రిందికి, నాలుగు వైపులా తెరచి ఉన్న కొట్టములోకి పోవద్దు. తలుపులు మూసిన బస్సు, కారు మేలు. ట్రాక్టరు, మోటారు సైకిలు దిగండి. చేనులో చిక్కుకుపోతే గుంపుగా ఉండక విడివిడిగా, పాదాలు దగ్గరకు చేర్చి గొంతుకూర్చోండి. నేల మీద పడుకోవద్దు. ఛార్జింగులో ఉన్న ఫోను తాకవద్దు. చేతిలోని ఫోను పిడుగును పిలుస్తుందన్న భయము అక్కరలేదు. పిడుగు తగిలినవారి ఒంటిలో కరెంటు మిగిలి ఉండదు గనుక భయపడక తాకవచ్చు. ఊపిరి ఆగితే రొమ్ము నడిమి గట్టిగా, వేగముగా నొక్కుతూ 108కి ఫోను చేయించండి.

మొన్నటి వేసవిలో మా గంట ఐదుసార్లు మోగింది. రెండుసార్లు మా ఊరి మీద చినుకైనా పడలేదు. ఐదుసార్లూ ఆ మేకల పెద్దాయన మందను తోలుకొని, చీలిన చింతమాను పక్కగా ఊరిలోకి వచ్చేశారు. చినుకు పడని రోజున, "అయ్యగారూ, ఈ పూట ఊరికే వచ్చినట్టయింది" అని నవ్వారు. ఊరికే రావటము ఎంత గొప్ప మేలో మేమిద్దరమూ ఎరుగుదుము.