డైకాస్ట్ విమాన నమూనా
కరిగించిన జింకు మిశ్రమలోహాన్ని ఉక్కు అచ్చులోనికి అధిక పీడనంతో పంపి తయారుచేసే విమాన ప్రతిరూపాన్ని '''డైకాస్ట్ విమాన నమూనా''' అంటారు. 1:400 నిష్పత్తిలో 70.6 మీటర్ల బోయింగ్ 747-200 విమానం 17.6 సెంటీమీటర్లకు వస్తుంది.

సేకరించేవారు ముందుగా చూసేది విమానం వెనుక భాగంలోని నమోదు గుర్తును. రంగులెంత బాగున్నా, గుర్తు తప్పైతే నమూనా విలువ తగ్గినట్లే. 'వీటీ-ఈబీడీ' అనునది 1971లో ఎయిర్ ఇండియాలో చేరిన మొదటి 747, 'ఎంపరర్ అశోక'కు చెందినది. దాని కిటికీల చుట్టూ ఝరోఖాలవలె ఎర్రని తోరణాలు చిత్రించారు. 1978 జనవరి 1న బొంబాయి నుండి దుబాయికి బయలుదేరిన ఆ విమానం అరేబియా సముద్రంలో కూలిపోగా 213 మంది మరణించారు.

ఆ తరం విమానాలను ప్రత్యక్షంగా చూడడం నేడు అరుదు. సికింద్రాబాదు పక్కనున్న బేగంపేటలోనైతే, 2008 మార్చిలో ప్రయాణిక విమానాలు శంషాబాదుకు మారినప్పటినుండి భారీ జెట్లు ప్రధానంగా వైమానిక ప్రదర్శనలప్పుడే దిగుతున్నాయి. ఎయిర్ ఇండియా చివరి 747లలో ఒకటి 2024 ఏప్రిల్‌లో విడదీయుటకై ముంబై నుండి అమెరికాకు తరలిపోయింది.