కొత్త కారు, పాత దెబ్బ

ఫ్యాక్టరీ గేటు దాటిన కారు మన వాకిట్లోకి వచ్చేలోపు చాలా చేతులు మారుతుంది. పెనుకొండలో తయారైనా, మానేసర్‌లో తయారైనా లారీయో గూడ్సు రైలో ఎక్కాలి, దిగాలి, స్టాక్‌యార్డులో ఎండకూ వానకూ నిలబడాలి. చక్రాలను బెల్టులతో ఎంత బిగించి కట్టినా, రెండంతస్తుల ఇరుకు లారీలో డ్రైవరు దిగేటప్పుడు తలుపు అంచు తగలడం, ర్యాంపు మీద బంపరు రాసుకోవడం జరుగుతూనే ఉంటాయి. లక్షల కార్లు తిరిగే దారిలో అది వింతేమీ కాదు, నేరం అంతకన్నా కాదు. కొనేవాడికి అన్యాయం జరిగేది ఆ దెబ్బకు గుట్టుగా రంగేసి, కొత్త కారంటూ తాళాలు చేతిలో పెట్టినప్పుడు.

ఈ తేడాను కోర్టుకెక్కించిన కేసు అమెరికాది. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఐరా గోర్ అనే డాక్టరు 1990 జనవరిలో 40,750 డాలర్లు పోసి బీఎండబ్ల్యూ కొన్నాడు. తొమ్మిది నెలలు తిప్పినా ఏ లోపమూ కంటపడలేదు. ఇంకాస్త మెరుగు పెట్టిద్దామని తీసుకెళ్తే, దీనికి మళ్లీ రంగేశారని అక్కడివాళ్లు పట్టేశారు. జర్మనీ నుంచి వచ్చే దారిలో ఆమ్ల వర్షానికి రంగు పాడై ఉంటుందన్నారు. మరమ్మతు ఖర్చు అమ్మకం ధరలో 3 శాతం దాటకపోతే డీలరుకు కూడా చెప్పనక్కర్లేదన్నది అప్పటి కంపెనీ పద్ధతి. ఈ కారుకైంది 601 డాలర్లే. జ్యూరీ 4,000 డాలర్ల పరిహారం ఇచ్చి, శిక్షగా మరో 40 లక్షలు వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షను సగం చేసింది. అదీ మరీ ఎక్కువేనని 1996లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తోసిపుచ్చింది. చివరికి అది 50,000 దగ్గర ఆగింది. అసలు పరిహారం 4,000 మాత్రం నిలిచింది.

తొమ్మిది నెలలు యజమానికే తెలియనంత నున్నగా బాగుచేశాక ఇక నష్టమేముంది అనిపిస్తుంది. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. కానీ ఆ 4,000 ఎక్కడినుంచి వచ్చింది? మళ్లీ రంగేసిన కారు విలువ పదిశాతం దాకా పడిపోతుందని ఒక మాజీ డీలరు సాక్ష్యం చెప్పాడు. కంటికి ఆనకపోయినా ధరలో ఆనుతుంది. సంగతి తెలిసినవాడు కొత్త ధర తీసుకుంటే, తెలియనివాడు ఆ తరుగు మోస్తాడు. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా బాగుచేసిన సరుకును కొత్తదని చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కించింది. ప్రతి గీతా చెప్పుకుంటూ పోతే బేరాలు ఎలా అవుతాయని డీలర్లు అడగవచ్చు. టెస్ట్ డ్రైవ్‌కు వాడిన కార్లు, నిరుటి స్టాకు సంగతి చెప్పే, ధర తగ్గించే అమ్ముతున్నారు కదా! కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

అయితే దెబ్బ దారిలోనే తగిలిందని రుజువు చేయడం కారు రోడ్డెక్కాక కష్టం. వస్తువును పరీక్షించుకునే అవకాశం దొరికేదాకా దాన్ని స్వీకరించినట్టు కాదని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం అంటుంది. మనమేమో దసరాకో ధనత్రయోదశికో ముహూర్తం పెట్టుకుని, షోరూం లైట్ల వెలుగులో పూలదండ వేసిన బంపరు ముందు ఫొటో దిగి, నిమ్మకాయలు తొక్కించుకుని వచ్చేస్తాం. దండ కింద ఏముందో ఎవరు చూశారు? పూజ ఆ రోజే పెట్టుకోండి. కారును మాత్రం రిజిస్ట్రేషన్ కాకముందే, పగటిపూట, కడిగి ఆరబెట్టించి చూడండి. పక్కపక్క తలుపుల రంగు మీద వెలుగు ఒకేలా జారాలి. ఒకటి నున్నగా, మరొకటి నారింజ తొక్కలా కనిపిస్తే అనుమానించాలి. బానెట్ కీలు బోల్టుల తలల మీద రంగు చిట్లితే దాన్ని ఎప్పుడో విప్పారన్నమాట. రబ్బరు బీడింగు మీద రంగు తుంపరలు పడి ఉన్నా అంతే. రంగు మందం చూసే మీటరు దొరికితే మరీ మంచిది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లుంటుంది, కింద లప్పం పెట్టిన చోట అంకె అమాంతం పెరుగుతుంది.

ఇదంతా చాదస్తమని సేల్స్ కుర్రాడు నవ్వవచ్చు, నవ్వనివ్వండి. దెబ్బ కనిపిస్తే ఫొటో తీసి, డెలివరీ కాగితం మీదే రాయించి సంతకం తీసుకోవాలి. ‘తర్వాత చేయిస్తాం సార్’ అన్న మాట కాగితం మీద లేకపోతే లెక్కలోకి రాదు. చిన్న గీతకు ధర తగ్గింపు అడగడం సబబు. లప్పం పెట్టిన తలుపు ఉంటే వేరే కారు ఇమ్మనాల్సిందే. కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది, 50 లక్షల దాకా కొన్న వస్తువులకు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.