ధర అందరికీ, ఊరు కొందరికే: నైజీరియా సామాన్యుని మాట

ఆఫ్రికా ఖండంలో అత్యధిక జనాభా గల దేశం నైజీరియా. ఇరవై రెండు కోట్లకు పైబడిన ప్రజలు, 250కి మించిన జాతులు, 500కు పైగా భాషలు, 36 రాష్ట్రాలు, 774 స్థానిక ప్రభుత్వాలు కలిసి ఆ దేశమైనాయి. ఉత్తరాన హౌసాలు, ఫులానీలు, నైరుతిలో యొరుబాలు, ఆగ్నేయంలో ఇగ్బోలు ప్రధాన జాతులు. ఉత్తరాన ముస్లింలు, దక్షిణాన క్రైస్తవులు అధికం. చమురు, అపహరణలు, మత ఘర్షణలు అనే మూడింటి చుట్టూనే ఆ దేశపు వార్తలు బయటి ప్రపంచానికి చేరుతుంటాయి. అక్కడి రైతు, కూలీ, సంతలో సరుకు అమ్మే ఇల్లాలు, బస్సు డ్రైవరు తమ దేశం గురించి ఏమనుకుంటున్నారన్నది తక్కువగా వినిపిస్తుంది.

ఆ మాట వినడానికి ఆధారాలు లేకపోలేదు. ఆఫ్రికా దేశాలలో ఇంటింటికీ వెళ్లి ప్రజాభిప్రాయాన్ని సేకరించే ఆఫ్రోబారోమీటర్ సంస్థ 2022లో నైజీరియాలో సర్వే జరిపినప్పుడు, పదిమందిలో సుమారు తొమ్మిదిమంది దేశం తప్పుదారిలో నడుస్తున్నదన్నారు. అదే సర్వేలో పదిమందిలో ఏడుగురు మరే పాలన కన్నా ప్రజాస్వామ్యమే మేలన్నారు. 1960లో స్వాతంత్ర్యం పొందిన తరువాత ఎక్కువ కాలం సైనిక పాలనలో గడిపి, 1999లో పౌర పాలనకు తిరిగివచ్చిన దేశమది. పాలకుల మీద కోపం పెరిగినా, ఓటు మీద ఆశ పూర్తిగా చావలేదని ఈ రెండు అంకెలను కలిపి చదివితే బోధపడుతుంది.

చమురు దేశంలో పెట్రోలు బాధ

సామాన్యుని మొదటి మాట ధరల గురించే. నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి గ్రామంలో 1956లో చమురు బయటపడింది. ముడిచమురును ఎగుమతి చేసే ఆ దేశమే దశాబ్దాల పాటు పెట్రోలును దిగుమతి చేసుకొన్నది. పోర్ట్ హార్కోర్ట్, వారీ, కడునాలలోని ప్రభుత్వ శుద్ధి కర్మాగారాలు సరిగా పనిచేయకపోవడం అందుకు కారణం. దిగుమతికి అయ్యే ఖర్చుకూ బంకులో అమ్మే ధరకూ నడుమ ఉన్న తేడాను ప్రభుత్వం సబ్సిడీగా భరించేది. 2023 మే 29న అధ్యక్షుడుగా ప్రమాణం చేసిన బోలా టినుబు, ఆ రోజు ప్రసంగంలోనే సబ్సిడీ ముగిసిందని ప్రకటించారు. అంతవరకు లీటరు సుమారు 190 నైరాలున్న పెట్రోలు ఆ జూలైకి 600 నైరాలు దాటింది. 2024 అక్టోబరుకు వెయ్యికి చేరింది.

సబ్సిడీ ఖజానాను తినివేసిందనీ, దాని లాభం దొంగరవాణాదారులకూ కార్లున్నవారికీ దక్కిందనీ ఆర్థికవేత్తల వాదన. ఇందులో నిజమున్నది. సామాన్యుని లెక్క మాత్రం వేరు. బడిలో బల్లలు లేవు, ఆసుపత్రిలో మందులు లేవు, కుళాయిలో నీరు లేదు. చమురు సంపదలో తమ చేతికందినది చౌక పెట్రోలు ఒక్కటే, అదీ పోయిందని వారంటారు. 2012 జనవరిలో జొనాథన్ ప్రభుత్వం సబ్సిడీని తొలగించి ధరను 65 నుంచి 141 నైరాలకు పెంచినప్పుడు దేశమంతటా సమ్మెలు జరిగి, చివరకు 97 నైరాలకు దించవలసి రావడం ఈ భావన ఎంత బలమైనదో చెబుతుంది.

పెట్రోలు అక్కడ బండికి మాత్రమే కాదు, దీపానికీ కావాలి. తీగల మీద వచ్చే కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు కనుక దుకాణానికీ, కుట్టుమిషనుకూ, మంగలి కొట్టుకూ చిన్న జనరేటరే గతి. అందులో అతి చిన్నదానికి జనం పెట్టిన పేరుకు ‘పక్కింటివాడికన్నా నేనే నయం’ అని అర్థం. పాత విద్యుత్ సంస్థ నేపా పేరు మారి ఏళ్లు గడిచినా, కరెంటు వచ్చినప్పుడు పిల్లలు ‘అప్ నేపా’ అని కేకవేసే అలవాటు పోలేదు.

2023 జూన్‌లో నైరా మారకపు విలువను మార్కెట్టుకు వదలడంతో, డాలరుకు 460 నైరాలున్న రేటు 2024లో 1500 దాకా పోయింది. 2024 డిసెంబరులో ద్రవ్యోల్బణం 34.8 శాతమైంది. కనీస వేతనాన్ని 2024 జూలైలో నెలకు 30,000 నుంచి 70,000 నైరాలకు పెంచినా, సంతలో అమ్ముకొనేవారికీ దినకూలీలకూ ఆ చట్టం వర్తించేది స్వల్పం. 2024 ఆగస్టు 1న అనేక నగరాలలో జనం రోడ్డెక్కారు. ఆకలి అన్న మాట ఆ నిరసనలలో ఉత్తరాన కానోలోనూ, దక్షిణాన లాగోస్‌లోనూ ఒకే విధంగా వినిపించింది. 2025లో ద్రవ్యోల్బణం తగ్గిందని ప్రభుత్వం ప్రకటించగా సంతలో జనం నమ్మలేదు. గణనకు ఆధార సంవత్సరాన్ని మార్చడం ఒక కారణం. పెరుగుదల వేగం తగ్గినంత మాత్రాన పెరిగిన ధర దిగిరాదన్నది రెండో కారణం. రోజుకు ఆరున్నర లక్షల పీపాల సామర్థ్యంతో లాగోస్ వద్ద నెలకొన్న డాంగోటే కర్మాగారం 2024 సెప్టెంబరులో పెట్రోలు ఇవ్వడం మొదలుపెట్టినా, అది అమ్మేదీ మార్కెట్టు ధరకే.

సరిహద్దు ఊళ్ల లెక్క

ధరల దెబ్బ సరిహద్దు ఊళ్లలో మరో విధంగా తగిలింది. బ్రిటిషు, ఫ్రెంచి పాలకులు గీసుకొన్న గీత పశ్చిమాన యొరుబాలను నైజీరియా, బెనిన్‌ల మధ్యనూ, ఉత్తరాన హౌసాలను నైజీరియా, నైజర్‌ల మధ్యనూ పంచింది. చుట్టరికాలు, సంతలు మాత్రం గీతను దాటుతూనే ఉన్నాయి. నైజీరియా నుంచి దొంగదారిన వచ్చే చౌక పెట్రోలును బెనిన్‌లో ‘క్పాయో’ అంటారు. రోడ్డు పక్కన సీసాలలో పోసి అమ్మే ఆ పెట్రోలు మీద ఎన్నో కుటుంబాలు బతికాయి. సబ్సిడీ రద్దుతో ఆ బతుకులూ తారుమారైనాయి.

బియ్యం దొంగరవాణాను ఆపుతామంటూ బుహారీ ప్రభుత్వం 2019 ఆగస్టులో మూసిన భూసరిహద్దులు 2020 డిసెంబరులో గాని తెరుచుకోవడం మొదలుకాలేదు. వరి పండించే రైతుకు గిరాకీ పెరిగింది. కొనుక్కు తినేవారికి ధర పెరిగింది. మరల 2023 జూలైలో నైజర్‌లో సైనికులు అధికారం చేజిక్కించుకొన్నప్పుడు నైజీరియా సరిహద్దును మూసి, ఆ దేశానికి కరెంటు సరఫరాను నిలిపివేసింది. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి సైనిక చర్య మాట ఎత్తగా, నైజర్‌ను ఆనుకొని ఉన్న ఏడు ఉత్తర రాష్ట్రాలలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది. అబూజాకు అది విదేశాంగ విధానం. కట్సీనా రాష్ట్రపు జిబియా వంటి సంత ఊళ్లకు అది మేనమామ ఊరితో యుద్ధం. 2024 మార్చిలో నైజీరియా ఆ సరిహద్దును తెరిచింది.

ఓటు వేసి కూర వండుకో

2023 ఫిబ్రవరి 25 నాటి అధ్యక్ష ఎన్నికకు 9 కోట్ల 30 లక్షల మందికి పైగా ఓటర్లు నమోదయ్యారు. వేసినవారు 27 శాతమే. టినుబు సుమారు 37 శాతం ఓట్లతో గెలిచారు. అతికు అబూబకర్, పీటర్ ఓబీ తరువాతి స్థానాలలో నిలిచారు. వేలిముద్రనూ ముఖాన్నీ గుర్తించే యంత్రాలు తెచ్చామనీ, కేంద్రాల నుంచే ఫలితాలు నేరుగా అందరికీ కనబడతాయనీ ఎన్నికల సంఘం ముందుగా చెప్పింది. ఆ రోజున అధ్యక్ష ఎన్నిక ఫలితాలు అనుకొన్న వేళకు కనబడలేదు. వివాదం సుప్రీంకోర్టుకు చేరి, 2023 అక్టోబరులో టినుబు గెలుపు ఖాయమైంది. ‘కోర్టుకు పో’ అన్నది నేడు నైజీరియాలో బలవంతుడు బలహీనుణ్ణి ఎత్తిపొడిచే మాట.

ఓటుకు డబ్బు పుచ్చుకొనేవారు అమాయకులనుకొంటే పొరపాటు. ఎకిటీ రాష్ట్రంలో 2014 ఎన్నికల నాడు ‘కడుపు మౌలిక వసతి’ అన్న మాట పుట్టింది. రోడ్లూ వంతెనలూ తరువాత, ముందు బియ్యం సంచి అన్నది దాని భావం. 2018లో అక్కడే యొరుబా భాషలో ‘ఓటు వేసి కూర వండుకో’ అన్న నానుడి వాడుకలోకి వచ్చింది. గెలిచినవాడు నాలుగేళ్లు కనబడడు, కనుక కనబడిన రోజే రావలసినది రాబట్టుకోవాలన్నది పేదవాని తర్కం. చమురు ఆదాయాన్ని జనం ‘జాతీయ కేకు’ అని పిలుస్తారు. దానిని ఎవరు వండారన్న ప్రశ్న లేదు. ఎవరి ముక్క ఎంతన్నదే ప్రశ్న.

మతం: ఇంట ఒకటి, వేదిక మీద ఒకటి

నైజీరియాలో ముస్లింలు, క్రైస్తవులు ఇంచుమించు సగం సగమని అంచనా. కచ్చితమైన లెక్క లేదు. 2006లో జరిగిన జనగణనలో మతం, జాతి అడగలేదు. అడిగితే ఆ అంకెల మీదనే తగవు వస్తుందన్న భయం. ఇంటి దగ్గర మాత్రం ఇంత భయం లేదు. యొరుబా కుటుంబాలలో అన్న మసీదుకు, తమ్ముడు చర్చికి వెళ్లడం, రెండు పండుగలకూ ఒకే పొయ్యి మీద వంట జరగడం సర్వసాధారణం. అధ్యక్షుడు టినుబు ముస్లిం, ఆయన భార్య క్రైస్తవ పాస్టరు. అయినప్పటికీ 2022లో ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థిగా మరో ముస్లింను ఎంచుకొన్నప్పుడు క్రైస్తవులలో పెద్ద అలజడి రేగింది. ఇరుగుపొరుగులో పరమతస్థులుంటే అభ్యంతరం లేదని సర్వేలలో అత్యధికులు చెబుతారు. పదవుల పంపకం వచ్చేసరికి అదే మతం కొలబద్ద అవుతున్నది.

ఉత్తరాది సామాన్యుల అనుభవం మరొక పాఠం. జంఫారా రాష్ట్రం మొదలుగా 12 రాష్ట్రాలు 1999 తరువాత షరియా శిక్షాస్మృతిని అమలులోకి తెచ్చాయి. సత్వర న్యాయం దొరుకుతుందనీ, లంచగొండితనం అణగుతుందనీ పేదలు ఎందరో దానిని ఆహ్వానించారు. 2000లో జంఫారాలో ఆవును దొంగిలించిన ఒకని చేయి తీసివేశారు. ఖజానాను దొంగిలించినవారి చేతులు మాత్రం భద్రంగానే ఉన్నాయన్న విమర్శ ఆ రాష్ట్రాలలోనే పుట్టింది. అదే జంఫారాలో నేడు గ్రామాలను దోచి మనుషులను ఎత్తుకుపోతున్న ముఠాలవారూ, బాధితులూ అధికంగా ముస్లింలే. మధ్య ప్రాంతంలోని బెన్యూ, ప్లేటో రాష్ట్రాలలో పశువుల కాపరులు ఫులానీ ముస్లింలు, సేద్యగాండ్రు ఎక్కువగా క్రైస్తవులు. తరుగుతున్న మేత భూమి, నీరు, పంట నష్టం అక్కడి తగవుకు మూలమని ఒకరంటే, మతమే మూలమని ఇళ్లు కోల్పోయినవారంటారు. 2025 అక్టోబరు చివర అమెరికా ప్రభుత్వం క్రైస్తవుల వధను కారణంగా చూపి, మతస్వేచ్ఛ విషయంలో ఆందోళన కలిగించే దేశాల జాబితాలో నైజీరియాను చేర్చినప్పుడు కూడా ప్రజాభిప్రాయం ఇదే గీత మీద చీలింది.

స్థానికుడెవరు?

ధర అందరినీ ఒకటి చేస్తున్నది, మతం పొరుగువారిని విడదీయడం లేదు. అయినా తగవులు ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం చాలావరకు ఒక కాగితంలో ఉంది. స్థానిక ప్రభుత్వం ఇచ్చే స్థానికత ధ్రువపత్రం అది. 1999 రాజ్యాంగం ప్రకారం ప్రతి రాష్ట్రం నుంచి కనీసం ఒక మంత్రి ఉండాలి, అతడు ఆ రాష్ట్రపు ‘స్థానికుడు’ కావాలి. ఏ జాతీ మిగతావారిని మింగివేయకుండా చేసిన ఏర్పాటిది, ఉద్దేశం మంచిదే. కాని రాజ్యాంగం లెక్కలో స్థానికత తల్లిదండ్రుల, తాతల మూలాలను బట్టి వస్తుంది, నివాసాన్ని బట్టి కాదు. పుట్టిన ఊళ్లోనే పెరిగి, అక్కడే పన్ను కట్టి, అక్కడే ఓటు వేసినవాడు కూడా తాత వేరొక చోటి నుంచి వచ్చి ఉంటే ‘వలసదారు’గానే మిగులుతాడు. ప్రభుత్వోద్యోగం, విశ్వవిద్యాలయంలో సీటు, రాష్ట్ర కళాశాలలో ఫీజు ఆ కాగితాన్ని బట్టి మారుతాయి. తరతరాలుగా ఒక గడ్డ మీద ఉంటూ ఇంట మరో రాష్ట్రపు భాష మాట్లాడుకొనే కుటుంబాలకు ‘అసలు మీదే ఊరు?’ అన్న ప్రశ్న బరువును విడమరచి చెప్పనక్కరలేదు.

ప్లేటో రాష్ట్ర రాజధాని జోస్ దీనికి ఉదాహరణ. బ్రిటిషు కాలంలో తగరపు గనుల పనికి వచ్చిన హౌసాల సంతతి అక్కడ నూరేళ్లుగా ఉంది. బెరోం, అఫిజెరె, అనగుట జాతులవారు తామే స్థానికులమంటారు. 2001లో అక్కడ చెలరేగిన అల్లర్లలో సుమారు వెయ్యిమంది మరణించారు; 2008లో స్థానిక ఎన్నికల వెంటనే మరల నెత్తురు చిందింది. బయటివారు దానిని మతకలహమన్నారు. కాగితం ఎవరు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలన్న తగవు దాని అడుగున ఉంది. లాగోస్‌లోనూ 2023 ఫిబ్రవరిలో టినుబు సొంత రాష్ట్రంలో ఓబీ స్వల్ప ఆధిక్యం సాధించగా, మార్చిలో గవర్నరు ఎన్నిక నాటికి అక్కడి ఇగ్బోలను పరాయివారంటూ బెదిరించిన సంఘటనలు జరిగాయి. రెండు పక్షాలలోనూ ఎక్కువమంది ఒకే సంతలో, ఒకే ధరకు సరుకు కొనేవారే.

ఆడపిల్లల పరిస్థితి ఇంకా చిక్కు. మరో రాష్ట్రంలో మెట్టిన స్త్రీని అత్తింటి ఊరు స్థానికురాలిగా ఒప్పుకోదు, పుట్టినింటి ఊరు వెళ్లిపోయినదంటుంది. భర్త రాష్ట్రపు స్థానికతను కోరే హక్కు ఆమెకు ఇచ్చే సవరణను 2022 మార్చిలో జాతీయ శాసనసభ తిరస్కరించగా, మహిళలు అబూజాలో సభ గేటు ముందు నిరసన తెలిపారు. మూలాలకు బదులు నివాసాన్నే ప్రమాణంగా తీసుకోవాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉన్నది. రాజ్యాంగాన్ని సవరించాలంటే జాతీయ శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతుతో పాటు 24 రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలి. తమవారి కోటా తగ్గుతుందన్న భయం ప్రతి రాష్ట్రానికీ ఉన్నందున ముందడుగు పడలేదు.

స్థానిక ప్రభుత్వాల నిధులను గవర్నర్లు పట్టి ఉంచరాదనీ, నేరుగా వాటికే చెల్లించాలనీ 2024 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊరి బావి, బడి, ఆరోగ్య కేంద్రం బాగుపడేది ఆ డబ్బుతోనే గనుక ఆ తీర్పు మీద గ్రామీణుల ఆశ మిక్కుటం. అయితే స్థానికత పత్రాన్ని జారీచేసేదీ అదే స్థానిక ప్రభుత్వ కార్యాలయం. డబ్బు ఊరికి చేరిన నాడు, ఆ ఊళ్లో నూరేళ్లుగా ఉన్న ‘వలసదారు’ కుటుంబపు పిల్లవానికి కూడా ఆ కార్యాలయం గుమాస్తా కాగితం రాసి ఇస్తాడా అన్నది జోస్ వీధులలో ఇంకా తేలవలసిన విషయం.